ఐసుగది తలుపు

వేడినీళ్ళ గిన్నెను ఫ్రిజ్ లోపల పైనున్న ఐసుగదిలోకి జరిపి, దాని చిన్న తలుపు దగ్గరగా వేసి, నాంచారు పీట వాల్చుకుని కూర్చుంది. ఫ్రిజ్ స్విచ్చి ఆపేసి ఉంది. లోపలి సామానంతా హాల్లో తడిగోనె మీద పెట్టింది. పాలగిన్నె, పెరుగు కుండ, దోసెల పిండి, అరటాకులో చుట్టిన మల్లెమొగ్గలు. మొగ్గలు పై అరలో, ఐసుగదికి సరిగ్గా కింద ఉండిపోయాయి. పొట్లం తీసేటప్పుడు చేతికి గవ్వల్లా గట్టిగా తగిలాయి.

కాసేపటికి లోపల టకటకమని చిట్లుతున్న చప్పుడు మొదలైంది. ఒక మంచు పలక ఊడి గిన్నె అంచు మీద పడింది. నాంచారు తలుపు తీసి దాన్ని చేత్తో అందుకుని పళ్ళెంలో వేసింది. ఇంకా అంటుకుని ఉన్న మంచును చెక్క గరిటెతో మెల్లగా నెట్టి చూసింది. రాలేదు. వదిలేసింది. చాకు పెట్టకూడదు. ఆ రేకు గోడల్లోనే గ్యాసు తిరుగుతుందనీ, చిల్లు పడితే ఈ ఫ్రిజ్ బీరువా మొత్తం పాత ఇనుము కిందే లెక్క అనీ శోభనాద్రి మొదటిరోజే చెప్పాడు. నీళ్ళు చల్లారితే మార్చాలి, మళ్ళీ కూర్చోవాలి. తొందరపడే మనిషి చేయలేని పని. అందుకే అది నాంచారుకి వచ్చింది.

"అయిందా అమ్మాయ్?" దేవుడి గదిలోంచి మంగతాయారు అడిగింది.

"ఇంకా లేదు అత్తయ్యా. ఈసారి మంచు బాగా మందంగా పట్టింది."

"పట్టదూ మరి! మీ ఆయన బళ్ళో పిల్లాడి చెవి మెలేసినట్టు మెలేశాడు ఆ బిళ్ళని. సరేలే, పాలు విరక్కుండా ఉంటే నాకదే చాలు."

రోహిణి కార్తె ఎండలకి కింది అరల్లో పాలు విరుగుతున్నాయని శోభనాద్రి లోపల చల్లదనం పెంచే బిళ్ళని చివరి అంకె దాకా తిప్పేశాడు. అతను గిలకలదిండి రేవులో పడవలవాళ్ళకి డీజిలు ఇంజన్లు అమ్ముతాడు. ఏ యంత్రమైనా తన మాట వింటుందని అతని నమ్మకం. నిజంగానే పాలు విరగడం మానాయి.

మంగతాయారు తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద పెట్టిన కుంకుమబొట్లు చెరిగాయా అని ముందు చూసుకుంది. పైన పరిచిన పెడన అద్దకం గుడ్డ సర్దింది. తర్వాత ఆమె చూపు తడిగోనె పక్కనున్న అల్యూమినియం డబ్బా మీద ఆగింది.

"అదేమిటే, ఆ డబ్బా అంత దగ్గరగా పెట్టావ్? పెరుగు కుండకి తగిలేట్టుంది. అవతలకి జరుపు."

నాంచారు జరిపింది.

"ఆ ఐసుగదికి వేరే తలుపుందనే కదా నేను ఒప్పుకున్నాను. వేరే తలుపుంటే వేరే ఇల్లే. మన పాలు మనవి, వాళ్ళ మందు వాళ్ళది. ఎవరికీ కష్టం లేకుండా చక్కగా అమరింది. ఇంకొకళ్ళయితే దొడ్డిగుమ్మం తొక్కనిచ్చేవారా, నువ్వే చెప్పు."

ఆ ఏర్పాటు తనకే తట్టిందని మంగతాయారుకి గొప్పగా ఉండేది. ఐసు తింటే గొంతు పడుతుందని ఇంట్లో ఎవరూ తినరు. ఐసుగది ఖాళీగానే ఉండేది. అందులో క్రైస్తవుల పేటలో ఉండే మోషే మాస్టారి కూతురి మందుసీసా పెట్టారు. పిల్లకి చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది పొడవాలి. మోషే మాస్టారు మునిసిపల్ బళ్ళో శోభనాద్రికి లెక్కలు చెప్పిన మనిషి. మందును తడి ఇసక కుండలో దాచుకుంటున్నానని ఆయన అంటే, "మా ఇంట్లో అంత బీరువా ఉండగా మీకు కుండేమిటి మాస్టారూ" అని శోభనాద్రే నడిరోడ్డు మీద నలుగురూ వినేట్టు అన్నాడు. ఏ అరలో పెట్టేదీ ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

అత్తగారు లోపలికి వెళ్ళాక నాంచారు డబ్బా మూత తీసింది. దూదిలో చుట్టిన గాజుసీసా. లోపల పాలలా కదలాల్సిన మందు తెల్లగా బిగుసుకుని ఉంది. బిళ్ళ తిప్పిన మర్నాటి నించీ ఇంతే. ఆ మొదటి పొద్దున ఆమెకి సిగ్గేసింది. ఇంత మంచి ఇంట్లో ఇచ్చిన వస్తువును సరిగ్గా చూసుకోలేదని మాస్టారు అనుకుంటారేమో అని. అందుకని ఆయన వచ్చేలోగా సీసాని అరచేతుల్లో పెట్టుకుని కరిగించింది. రోజూ అదే చేస్తోంది. ఇవాళ కూడా కాసేపు చేతుల్లో ఉంచుకుని, వేళ్ళు తిమ్మిరెక్కాక నడుం దగ్గర చీర మడతలో దోపుకుంది. చల్లదనం ఒంటికి మండింది. అది తగ్గేదాకా పీట మీదే కూర్చుంది.

దొడ్లో దగ్గు వినిపించింది. మోషే మాస్టారు పిలవడు. తులసికోటకి అవతల నిలబడి దగ్గుతాడు, అంతే.

నాంచారు సీసా తీసుకెళ్ళి బావి పక్కనున్న బట్టల బండ మీద పెట్టి రెండడుగులు వెనక్కి వచ్చింది. అప్పుడు ఆయన ముందుకొచ్చి సీసా తీసుకున్నాడు. అలా చేయమని ఎవరూ ఆమెకి చెప్పలేదు. నాగాయలంకలో, పుట్టింట్లో, ఊడ్పుల కూలీలకి అన్నం అలాగే పెట్టేవారు. చెప్పక్కర్లేని పనుల్లో అదొకటి.

మాస్టారు ఉడకబెట్టిన సిరంజిని శుభ్రమైన జేబురుమాలు మీద పరిచి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు.

"చూశావా నాంచారక్కా," బండకి ఆనుకుని నిలబడ్డ ఆయన కూతురు సరళ గొంతు తగ్గించి అంది. "సూదికి ప్రార్థన చేస్తాడు. పొడిపించుకునేదానికి చెయ్యడు."

సరళ ఎనిమిదో తరగతి. నోరు ఊరుకోదు. నాంచారుకి నవ్వొచ్చింది.

"మా కుండ ఉన్నప్పుడే హాయిగా ఉండేది. మంచంలో పడుకునే పొడిపించుకునేదాన్ని. ఇప్పుడు మీ బీరువాగారి దర్శనానికి చీకటితో లేచి ఈడేపల్లిలో మీ ఇంటిదాకా నడవాలి."

"సరళా," అన్నాడు మాస్టారు. సీసాని రెండు అరచేతుల మధ్య దొర్లించి, వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆయన కళ్ళజోడు కాళ్ళు దారంతో కట్టి ఉన్నాయి.

"నాన్నా, అందులో నూకలున్నాయి."

"నూకలేమిటి, మందు అలాగే ఉంటుంది."

"ఇదివరకు పాలలా ఉండేదిగా. ఇప్పుడు విరిగిన పాలలా ఉంది."

"కొత్త సీసా. ఒక్కో సీసా ఒక్కోలా ఉంటుంది. చెయ్యి పట్టు."

సూది అయ్యాక సరళ చేతులు దులుపుకుని, "అక్కా, కాసిని మంచినీళ్ళు పొయ్యవా" అంది. నాంచారు చెంబు తెచ్చింది. సరళ వంగి దోసిలి పట్టి నోటికి ఆనించుకుంది. నాంచారు పైనుంచి సన్నగా ధార పోసింది. గుటకలు వింటూ, చెంబు వంచుతూ పోయింది. నిన్న సగం చెంబుతో చాలంది. ఇవాళ చెంబు ఖాళీ అయ్యాక కూడా దోసిలి తీయలేదు.

"ఇంకా?"

"ఇంకా పొయ్యి."

మాస్టారు సిరంజి తుడవడం ఆపి కూతురి వంక చూస్తున్నాడు. "ఏం తిన్నావ్?"

"ఏం తినలా నాన్నా."

"మరి ఈ దాహమేమిటి?" అని, "మా దొడ్లో ఇది ఒంటికి వెళ్ళిన చోట చీమలు పడుతున్నాయమ్మా," నాంచారుతో మెల్లగా అన్నాడు, ఎవరి తప్పో ఒప్పుకుంటున్నట్టు. "మామిడిపళ్ళ రోజులు. ఎక్కడో తింటోంది. నాకు కనపడనివ్వడం లేదు."

వసారాలోంచి మంగతాయారు అందుకుంది. "ఆడపిల్లకి నోరు కట్టుకోవడం ముందే నేర్పాలి మాస్టారూ. ఇప్పుడైతే మీరు కాపలా కాస్తున్నారు. రేపు అత్తగారింట్లో ఎవరు కాస్తారు?"

"నేను తినలా," అంది సరళ. ఈసారి ఎవరితోనూ కాదు, బండతో అన్నట్టు అంది.

మాస్టారు సీసా బండ మీద పెట్టి వెనక్కి తగ్గాడు. నాంచారు దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి తీసుకుంది. లోపలికొచ్చాక కిటికీ దగ్గర ఆగి తనూ వెలుతురుకి ఎత్తి చూసింది. తెల్లటి పొలుకులు సీసా గోడకి అంటుకుని, మెల్లగా జారి అడుక్కి చేరుతున్నాయి.



మధ్యాహ్నం పూజకి మాల కడదామని మంగతాయారు అరటాకు పొట్లం విప్పి, "అయ్యో అయ్యో" అంది. మొగ్గలన్నీ గోధుమరంగుకి తిరిగి, నీళ్ళు కారుతూ, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నాంచారు ఒకదాన్ని దారం మీద పెట్టి ముడేయబోయింది. తొడిమె నలిగి జారిపోయింది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే.

"పొద్దున గట్టిగా ఉన్నాయి అత్తయ్యా. ఐసులా ఉన్నాయి. కరిగితే మామూలుగా అవుతాయనుకున్నాను."

"ఎక్కడవుతాయి! ప్రాణం పోయింది వాటికి. ఇంకోసారి పై అరలో పెట్టకు. దేవుడికి పనికిరావు, తీసుకెళ్ళి అరటి పాదులో పారెయ్."

పారేసి వచ్చాక కూడా నాంచారు వేళ్ళకి ఆ జిగట వాసన అంటుకునే ఉంది. సబ్బుతో రుద్దుకుంది. రుద్దుకుంటూ అలాగే నిలబడిపోయింది.

భోజనానికి వచ్చిన శోభనాద్రికి పప్పు వడ్డిస్తూ అడిగింది. "ఏమండీ, గడ్డకట్టిన వస్తువు కరిగితే మళ్ళీ ముందులాగే అవుతుందా?"

"ఎందుక్కాదు? నీళ్ళు గడ్డకడితే ఐసు, ఐసు కరిగితే నీళ్ళు. అంతేగా."

"మల్లెలు అవలేదండీ."

"మల్లెలు నీళ్ళటే?" అతను నవ్వాడు. "నెయ్యి వెయ్యి."

నెయ్యి వేసింది. "మాస్టారి మందు గడ్డకడుతోంది. రోజూ నేనే చేతుల్లో పెట్టుకుని కరిగిస్తున్నాను. ఇవాళ చూస్తే అందులో పొలుకులు..."

అతని చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. వంటింటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మాస్టారేమన్నా అన్నారా?"

"లేదు."

"మరి నువ్వు కదపకు. అమ్మ ఆ మాత్రం ఒప్పుకోవడమే గొప్ప. కింద పెడదామంటే అసలు వద్దే వద్దంటుంది. అప్పుడు ఆయనకి నేనేం మొహం చూపించను? ఊరంతా విన్నారు నేనన్నది."

"పోనీ బిళ్ళ కాస్త వెనక్కి..."

"పాలు విరిగితే ఆ సాధింపు నువ్వు పడతావా?"

అతను మజ్జిగ పోయించుకుని వెళ్ళిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. వెళ్ళేముందు ఫ్రిజ్ వెనక్కి వంగి, గోడకి బెత్తెడు దూరం ఉందో లేదో చూసుకుని, వెనకున్న ఇనప చువ్వల మీద బూజు కొబ్బరీనెల చీపురుతో తనే దులిపాడు.

మంగతాయారు నడుం వాల్చింది. ఇంట్లో గోడగడియారం చప్పుడూ, ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడూ తప్ప ఏమీ లేవు. నాంచారు ఫ్రిజ్ తలుపు పిడిని శబ్దం రాకుండా లాగింది. చల్లటిగాలి పాదాల మీద పడింది. ఐసుగది తలుపు తీసి, డబ్బా పట్టుకుని, అట్టడుగున కూరగాయల సొరుగు లాగింది. దొండకాయల వెనక, ఎవరికీ కనపడకుండా డబ్బా పెట్టి సొరుగు మూసింది.

మూసి, అక్కడే కూర్చుంది. ఆ దొండకాయలు సాయంత్రం తనే తరగాలి. తను తరిగిన కూర తనూ తినాలి. ఏమవుతుంది? ఏమీ కాదు. ఏమీ కాదని ఆమెకి బాగా తెలుసు. సరళ నోటికి పోసిన చెంబుతోనే తులసికోటకి నీళ్ళు పోసింది, ఏమైంది? అయినా పైనున్న దొండకాయని తీసి చూద్దామని సొరుగు మళ్ళీ లాగితే, చెయ్యి డబ్బాకి తగలకుండా పక్కకి తప్పుకుంది. నడుం మడతలో దోపుకుని కరిగించిన సీసా అది. అప్పుడు తప్పుకోని చెయ్యి ఇప్పుడు దొండకాయల మధ్య తప్పుకుంది. ఆ తప్పుకోవడాన్ని నాంచారు తనే చూసింది. ఇంకెవరూ చూడలేదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

నాంచారు డబ్బా తీసి ఐసుగదిలో పెట్టేసింది. రెండు తలుపులూ మూసింది. మెల్లగా వెళ్ళి గదిలోకి తొంగిచూసింది. అత్తగారు అటు తిరిగి పడుకుంది, అంతే. లేవలేదు.



మర్నాడు సరళ నడుచుకుంటూ రాలేదు. తండ్రి భుజం పట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. కళ్ళు గుంటలు పడ్డాయి. పెదాలు ఎండి పొట్టు లేచాయి. నాంచారు సీసాని బండ మీద పెట్టింది. ఇవాళ అది సరిగా కరగలేదు, మధ్యలో ఇంకా తెల్లటి గడ్డ తేలుతోంది. మాస్టారు అది గడ్డని పోల్చుకోలేదు, దొర్లించి దొర్లించి కలిపేశాడు.

"ఇప్పుడే తీశారేమో, చల్లగా ఉంది," అన్నాడు. తర్వాత తలెత్తి నాంచారునే అడిగాడు. "మందు బాగానే ఉంటోంది కదమ్మా? కరెంటు పోయినప్పుడు వెచ్చబడటం లేదు కదా?"

మల్లెలు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. మల్లెల సంగతి చెబితే పై అర సంగతి చెప్పాలి, పై అర చెబితే దానిపైన గది సంగతి చెప్పాలి. ఆ గదిలో ఎందుకు పెట్టారంటే ఏం చెప్పాలి? వెనక వసారాలో అత్తగారు ఉన్నారు.

"చల్లగానే ఉంటోంది మాస్టారూ," అంది.

అది అబద్ధం కూడా కాదు.

సరళ దోసిలి పట్టింది. ఒక చెంబు. రెండో చెంబు. నీళ్ళు మోచేతుల మీదుగా లంగా మీదకి కారుతున్నా ఆమెకి తెలియడం లేదు. మూడో చెంబుకి వంగినప్పుడు నాంచారుకి ఆమె ఊపిరి వాసన తగిలింది. ముగ్గిన పండు వాసన. అదే క్షణంలో మాస్టారికీ తగిలింది.

ఆయన కూతురి గడ్డం పట్టి ఎత్తాడు. ముఖం దగ్గరకి వంగి వాసన చూశాడు.

"మామిడిపండు తిన్నావు."

"లేదు నాన్నా."

"వాసనొస్తుంటే లేదంటావేం!"

"బైబిలు మీద ఒట్టు నాన్నా, నేను..."

చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బ కాదు. అలవాటు లేని చెయ్యి. కానీ సరళ తూలి బండ మీద కూర్చుండిపోయింది. నాంచారు చేతిలో చెంబు వొలికింది.

"అంతే, అంతే," అంది మంగతాయారు వసారాలోంచి. "తినడం ఒక తప్పు, దేవుడి పుస్తకం మీద ఒట్టు ఇంకో తప్పు. నీ కోసమే కదే పిల్లా మీ నాన్న ఇంత అవస్థ పడుతోంది."

సరళ ఏడవలేదు. ఏడవడానికి నీళ్ళు లేనట్టుంది. నాంచారు వంక చూసింది. ఎందుకు తన వంకే చూసిందో నాంచారుకి తెలియదు. ఆ ఇంట్లో ఇంకెవరి వంక చూడగలదు అని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం నాంచారు చెంబులోకి చూస్తూ నిలబడింది.

"రెండు గీతలు ఎక్కువ తీస్తున్నాను," మాస్టారు తనలో తనే అనుకుంటూ సిరంజి వెలుతురుకి పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక నాంచారు చాలాసేపు ఫ్రిజ్ తలుపు రబ్బరు తుడిచింది. కుంకుడురసంలో ముంచిన గుడ్డతో, మడతల్లో వేలు పెట్టి, అప్పటికే తెల్లగా ఉన్నదాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచింది. ఒక పోస్టుకార్డును తలుపు సందులో పెట్టి మూసి లాగింది. బిగువుగా ఉంది. ఎక్కడ పెట్టి చూసినా బిగువుగానే ఉంది. బీరువాలో ఏ లోపమూ లేదు.



ఆ మర్నాడు దగ్గు వినపడలేదు. "అమ్మా," అని పిలుపు వినిపించింది. మాస్టారు ఒక్కడే వచ్చాడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. తులసికోటకి అవతలే నిలబడ్డాడు.

"ఏమైంది మాస్టారూ?" శోభనాద్రి పళ్ళు తోముకుంటున్నవాడల్లా బావి దగ్గర్నించి లేచాడు. మంగతాయారు వసారాలోకి వచ్చింది.

"పిల్ల నిన్న సాయంత్రం నించీ రొప్పడం మొదలెట్టింది. పిలిస్తే పలకలేదు. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మగారు వేరే మందు పొడిచి, సెలైను ఎక్కించారు. ఇందాకే కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది."

"హమ్మయ్య. దేవుడు చల్లగా చూశాడు," అంది మంగతాయారు.

"ఆ వాసన పండుది కాదట. ఆ జబ్బు ముదిరితే నోరు అలా వాసనొస్తుందట. మందు పనిచెయ్యనప్పుడు." ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. "అది ఏమీ తినలేదు. నేను కొట్టాను."

ఆయన చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"సీసా పట్టుకురమ్మన్నారు. పాడయి ఉంటుందంటున్నారు. ఎలా పాడైందో తెలిస్తే గానీ ఇంకో సీసా రాసివ్వనన్నారు. తప్పు నాదే అయ్యుంటుంది. గుంటూర్నించి బస్సులో తెచ్చాను, ఎండలో. కిటికీ పక్కన కూర్చున్నాను. బుద్ధి లేకపోయింది."

"అదే అయ్యుంటుంది," మంగతాయారు వెంటనే అంది. "ఇక్కడ మటుకు మా పాలకన్నా పదిలంగా చూసుకున్నాం మాస్టారూ. మా కోడలు రోజూ కళ్ళలో పెట్టుకుని చూసింది."

"ఓల్టేజీ కూడా సరిగ్గా ఉండటం లేదులెండి," శోభనాద్రి వేపపుల్ల పారేస్తూ అన్నాడు. "బెజవాడ నించి మనిషిని పిలిపించి చూపిస్తాను."

"మీరేం చేస్తారు బాబూ. మీరు చెయ్యాల్సిందానికన్నా ఎక్కువే చేశారు," అన్నాడు మాస్టారు.

నాంచారు లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తీసింది. ఐసుగది తలుపు తీసింది. డబ్బా అడుగు రేకుకి అతుక్కుని ఉంటే కాస్త ఊపి లాగింది. దూది విప్పింది. సీసా లోపల తెల్లగా, మెడ దాకా బిగుసుకుని ఉంది. ఆమె రెండు అరచేతులూ అలవాటుగా దాని చుట్టూ మూసుకున్నాయి.

కాసేపు అలాగే నిలబడింది. దొడ్లోంచి వాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఇంకాస్సేపు నిలబడితే కరుగుతుంది. కరిగితే పొలుకులు మిగులుతాయి. పొలుకులు బస్సులోనే పడ్డాయనుకుంటారు. ఆయన జీవితాంతం ఆ కిటికీ పక్కనే కూర్చుంటాడు. ఇంకో సీసా ఇదే గదిలోకి వస్తుంది.

నాంచారు చేతులు విప్పింది. సీసా మెడని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎక్కడా ఆగకుండా దొడ్లోకి నడిచింది. బండ దాటింది. తులసికోట పక్కన మాస్టారి ఎదురుగా ఆగి, అరచెయ్యి చాపి చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "ఇదేమిటి, రాయిలా ఉంది?"

"గడ్డకట్టింది మాస్టారూ. బిళ్ళ తిప్పిన దగ్గర్నించీ రోజూ ఇలాగే ఉంటోంది. మీరొచ్చేలోగా నేనే కరిగించి తెస్తున్నాను."

"అమ్మాయ్!" అంది మంగతాయారు.

మాస్టారు సీసా మీంచి చూపు తీయలేదు. "ఎక్కడ పెడుతున్నారమ్మా?"

"పైన ఐసుగదిలోనండి."

"మీవి కూడా అక్కడే పెడతారా?"

"లేదండీ. మావి కింది అరల్లో. ఐసుగదికి వేరే తలుపుంది."

ఆయన తలెత్తాడు. దొడ్డిగుమ్మం లోంచి, వంటింటి గుమ్మం లోంచి, హాల్లో ఫ్రిజ్ కనపడుతోంది. నాంచారు మూయకుండా వచ్చేసింది. పెద్ద తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పైన చిన్న తలుపు కూడా తెరిచి ఉంది. కింద పాలగిన్నె, పెరుగు కుండ, దొండకాయల సొరుగు. ఆయన అలా చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు, బళ్ళో పిల్లాడు తప్పు చేసిన లెక్కని పలక మీద మొదటి మెట్టు నించీ చూసుకుంటూ వచ్చినట్టు. శోభనాద్రి తడిసిన తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

నాంచారు చెయ్యి ఇంకా చాపే ఉంది. సీసా కింద అరచెయ్యి తిమ్మిరెక్కుతోంది. "తీసుకోండి మాస్టారూ," అంది.

ఆయన తీసుకోలేదు. ఆయన చూపు మెల్లగా ఆమె చేతి మీంచి పక్కకి జరిగి బట్టల బండ మీద ఆగింది. అక్కడే ఆగి ఉంది. ఎదురుచూస్తున్నాడు.

నాంచారుకి అర్థమైంది. వెనక్కి నడిచి సీసాని బండ మీద పెట్టింది. రాతి మీద రాయి పెట్టినట్టు చప్పుడైంది. రోజూలాగే రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

మాస్టారు ముందుకొచ్చి, జేబురుమాలు పరిచి, సీసాని అందులో చుట్టాడు. కరక్కుండా ఉండాలన్నట్టు మరో మడత వేశాడు. బావి పక్కగా నడిచి, దొడ్డితలుపు తీసుకుని, బయటికెళ్ళాక రోజూ వేసినట్టే గడియ వేసి, వెళ్ళిపోయాడు.